మూఢం నెలల్లో నెల్లూరు మేళగాళ్ల ఇళ్లకు తిరిగాం: నా అనుభవం

పోయిన డిసెంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా నెల్లూరు టౌన్లో పాట మీద, వాయిద్యం మీద బతికేవాళ్లను కలిసి, వాళ్లకు ఏం కావాలో, ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో రాసుకున్నాం. మేమంటే ముగ్గురం. హరనాథపురంలో పిల్లలకు వయొలిన్ నేర్పే నేను, బ్యాంకులో రిటైరై మృదంగం వాయించే ఒక మాస్టారు, ఇంజనీరింగ్ చదువుతూ చర్చిలో కీబోర్డు వాయించే ఒక అమ్మాయి. మమ్మల్ని ఎవరూ చేయమనలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. ఇంకో ఊళ్లో ఎవరైనా ఇలాంటి పని తలపెడితే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నెల్లూరంటే గాయకుడు ఎస్పీ బాలుగారి ఊరని గర్వంగా చెప్పుకుంటాం. వాళ్ల నాన్న సాంబమూర్తిగారు హరికథలు చెప్పిన మనిషి. తిప్పరాజువారి వీధిలోని ఇంటిని బాలుగారు 2020 ఫిబ్రవరిలో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆయన పోయాక ఇక్కడి ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరే పెట్టారు. ఆయన పోయిన రోజు సెప్టెంబరు 25 వస్తే ఊళ్లో ఏదో ఒక చోట ఆయన పాటలు పాడతారు. పోయినేడు అలాంటి ఒక కార్యక్రమం అయ్యాక వైర్లు చుట్టుకుంటూ తబలా అతను, "దసరా దాటిందంటే నాకు పని పల్చబడతది మేడమ్, మళ్లీ ఆటో తోలుకోవాల" అన్నాడు. ఎన్నో ఏళ్లుగా ఎరిగిన మనిషి. ఆటో తోలతాడని నాకు అప్పటిదాకా తెలీదు. ఇంటికొచ్చి మాస్టారికి ఫోన్ చేశాను. ఈ ఊళ్లో సంగీతం మీద ఎంతమంది బతుకుతున్నారు, ఎట్లా బతుకుతున్నారు అని అడిగితే ఆయన దగ్గరా జవాబు లేదు. సంగీతం గురించి నిత్యం మాట్లాడుకునే మాకే తెలియకపోతే ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు ఎవరు చెప్తారు?

అక్టోబరంతా ప్రశ్నలు తయారు చేయడానికే సరిపోయింది. మొదట రాసుకున్నవి నలభై దాటాయి. మాస్టారు తన శిష్యుణ్ని కూర్చోబెట్టి అడిగి చూస్తే గంట పైనే పట్టింది. పని మానుకుని ఎవరూ అంతసేపు కూర్చోరు కాబట్టి కోసి కోసి ఒక కాగితానికి రెండు వైపులా సరిపోయేట్టు చేశాం. ఆఖరి ప్రశ్న మాత్రం ఖాళీ గీతలతో వదిలేశాం: "ఒక్కటే అడగమంటే ఏం అడుగుతారు?" మాకు ఎక్కువ సంగతులు తెలిసింది ఆ గీతల మీదే.

అమ్మాయి ఇవే ప్రశ్నలతో గూగుల్ ఫామ్ కూడా చేసి వాట్సాప్‌లో పంపింది. రెండు వారాలు చూశాం. కరోకే గ్రూపుల వాళ్లు, సంగీతం నేర్చుకునే పిల్లలు, ఆర్కెస్ట్రా సింగర్లు నింపారు. పెళ్లి మేళాల వాళ్లు ఒక్కరూ నింపలేదు. డప్పు వాళ్లు, బ్యాండు వాళ్లు, నాటకాలకు హార్మోనియం వాయించేవాళ్లు అసలే లేరు. దాన్ని నమ్ముకుని లెక్క తేల్చి ఉంటే నెల్లూరు సంగీతమంటే సాయంత్రం పూట మైకు పట్టుకునే సరదా అని తేలేది. కాగితాలు జెరాక్సు తీయించి మనుషుల దగ్గరికి పోవాల్సిందే అనుకున్నాం.

ఎప్పుడు పోవాలన్నది పంచాంగమే చెప్పింది. నవంబరు 26న ముహూర్తాలుండని శుక్ర మూఢం మొదలైంది, ఫిబ్రవరి 17 దాకా. మామూలుగా పెళ్లిళ్లు దండిగా ఉండే మాఘమాసం కూడా ఈసారి మూఢంలోనే పోయింది. మాకు అది మనుషులు ఇంటి దగ్గర దొరికే సమయం. వాళ్లకు దాదాపు మూడు నెలలు ముహూర్తం డబ్బులు రాని సమయం. ఈ సంగతి మాకు ప్రతి ఇంట్లో గుర్తుకొస్తూనే ఉండింది. టీ తెస్తామంటే వద్దనడానికి నోరు రాలేదు, తాగడానికి మనసు రాలేదు.

డిసెంబరు మొదటి మంగళవారం వానలకు పోయింది. 9న బయల్దేరాం. మంగళవారమే ఎందుకంటే మేళాల్లో చాలామంది నాయీబ్రాహ్మణులు, మంగళవారం సెలూన్లకు సెలవు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే పని సగం సులువవుతుంది. మిగతా రోజుల్లో పోతే కుర్చీలో గిరాకీ ఉంటాడు, మనతో మాట్లాడుతూనే కత్తెర ఆడుతూ ఉంటుంది, మనసు విప్పి ఏమీ చెప్పరు.

మొదటి గడపలోనే ఒకామె కాగితాలు చూసి, "ఏందమ్మా, మళ్లీ సర్వేనా? మొన్నేగా సచివాలయమోళ్లొచ్చి రాసుకుపోయింది. రేషన్ కార్డు గీన తీసేస్తారా ఏంది?" అంది. భయం ఆమె ముఖంలోనే కనపడుతోంది. ఆధార్ అడగం, ఫోటో తీయం, ఫోన్ నంబరు మీకిష్టమైతేనే ఇవ్వండి అని మొదటే చెప్పడం అలవాటు చేసుకున్నాం. ఆదాయం ఎంత అని అడగడం మానేశాం. "కార్తీకంలో ఎన్ని పెళ్లిళ్లు వాయించారు? చేతికి ఎంతొచ్చింది?" అని అడిగితే గడగడా చెప్పారు. పెళ్లివాళ్లు నేరుగా పిలిస్తే ఒక లెక్క, ఈవెంట్ వాళ్ల ప్యాకేజీలో పోతే ఇంకో లెక్క. ప్యాకేజీలో డెకరేషను, భోజనాలు, పురోహితుడు, మేళం అన్నీ కలిపి మాట్లాడతారు. మేళం వాటా ఎంతో పెళ్లివాళ్లకు తెలీదు. పెళ్లివాళ్లు ఎంతిచ్చారో మేళానికి తెలీదు. డబ్బు చేతికి రావడానికి నెల పట్టిందని ఒకరు, ఇంకా రాలేదని ఇద్దరు చెప్పారు.

మూలాపేట వైపు ఒక పెద్దాయన ఇంట్లో చాలాసేపు కూర్చున్నాం. నాదస్వరం ఆయనది. సొంతూరు ఒంగోలు పక్క. గోడ మీద షేక్ చినమౌలానాగారి ఫోటో ఉంది. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న విద్వాంసుడు. చిన్నప్పుడు ఆయన కచేరీ విని మూడు రోజులు అన్నం సయించలేదని చెప్పాడు పెద్దాయన. ఒక ముక్క వాయించమని మాస్టారు అడిగారు. ఆయన పెట్టె తెరిచి వాయిద్యం తీశాడు, గుడ్డతో తుడిచాడు, ఊదే రెల్లు పీకను నోట్లో నానబెట్టి బిగించాడు. మళ్లీ తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పళ్లు కదిలిపోయినాయయ్యా. పీక నిలవదు. గాలి పక్కకు పోతది" అన్నాడు. వయసు 57. రెండేళ్లుగా కొడుకుతో పాటు పెళ్లికి పోయి తాళం వేస్తున్నాడు. తాళం మనిషికి వచ్చేది మేళంలో అందరికంటే తక్కువ. కట్టుడు పళ్లకు 22 వేలు చెప్పారట, అదీ పెట్టుకున్నాక పీక కుదురుతుందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేదట. ఆఖరి ప్రశ్న కింద ఆయన రాయించింది ఒకే మాట: పళ్లు.

బయటికొచ్చాక మాస్టారు బండి స్టార్ట్ చేయకుండా అట్లాగే నిలబడ్డారు. నాకూ మాట రాలేదు. స్టేజీలు కావాలి, సన్మానాలు కావాలి అంటారనుకుంటూ పోయినవాళ్లం మేము. గాలి వాయిద్యం వాయించేవాళ్ల నోటి ఆరోగ్యం గురించి ఎవరైనా ఎక్కడైనా మాట్లాడగా నేను వినలేదు. ఆ తర్వాత కలిసిన ప్రతి నాదస్వరం, క్లారినెట్ మనిషిని పళ్ల గురించి అడిగాం. నడివయసు దాటినవాళ్లలో చాలామందికి అదే దిగులు.

రెండో సంగతి కాగితాలు. ఎన్టీఆర్ భరోసా కింద డప్పు కళాకారులకు నెలకు 4,000 పింఛను ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకు నెలకు 6,000 దాకా ఇచ్చే పథకం ఉంది, 60 ఏళ్లు దాటాలి, ఏడాది ఆదాయం 72,000 మించకూడదు, కళలో పని చేసినట్టు ఆధారాలు పెట్టాలి. ఆ ఆధారం దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. నలభై ఏళ్లు వాయించినాయన దగ్గర వాయించినట్టు ఒక్క కాగితం ఉండదు. శుభలేఖలో వధూవరుల పేర్లు, తాత ముత్తాతల పేర్లు, ఫోన్ నంబర్లు, కల్యాణ మండపం దారి కూడా వేస్తారు, మేళం పేరు వేయరు. పెళ్లి వీడియోలో మాంగల్యధారణప్పుడు వీళ్లు వాయించింది వినిపిస్తుంది, మనిషి కనపడడు.

పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించే ఒకాయన దగ్గర మాత్రం ఇందుకు పూర్తిగా భిన్నం. ఆయన మంచం కింద నుంచి అట్టపెట్టె లాగి కరపత్రాల కట్ట చూపించాడు. గులాబీ రంగు, పసుపు రంగు పలచటి కాగితాలు, మడతల దగ్గర చిరుగులు. ప్రతి దాంట్లో పాత్రధారుల పేర్ల కింద హార్మోనియం అని ఆయన పేరు, ఊరు, తేదీ. నాటకాల వాళ్లకు కరపత్రం వేయడం ఆనవాయితీ కాబట్టి ఆయనకు అర్జీ పెట్టుకునే దారి ఉంది. అదే ఊళ్లో, అదే వయసులో ఉన్న సన్నాయి ఆయనకు లేదు. ఇద్దరి కష్టం ఒకటే.

2023 సెప్టెంబరులో వచ్చిన చేతివృత్తులవాళ్ల కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ గురించి చాలామంది అడిగారు. అందులో 18 వృత్తులున్నాయి. క్షవరం పని ఉంది, వాయిద్యం లేదు. అంటే వీళ్లలో చాలామంది కత్తెర పేరుతో 15,000 విలువైన పనిముట్లకు అర్జీ పెట్టుకోవచ్చు, డోలు పేరుతో పెట్టుకోలేరు. ఈ సంగతి వివరించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు కష్టంగా ఉండేది. ఏదో తెస్తారన్న ఆశతో కుర్చీ వేసినవాళ్లకు లేదని చెప్పడం మామూలు సంగతి కాదు.

డిసెంబరు 16 నుంచి ధనుర్మాసం. గుళ్లో మేళం వాళ్లు తెల్లవారుజామునే పోతారు కాబట్టి మధ్యాహ్నం నిద్రపోతారు, సాయంత్రం నాలుగు తర్వాతే తలుపు కొట్టాలి. అయ్యప్ప భజన గాయకులకు అప్పుడే సీజను. రాత్రిళ్లు పడిపూజల్లో గొంతు పోయేదాకా పాడతారు, మకరజ్యోతి దాకా పగలు ఫోన్ ఎత్తరు. వాళ్లలో ఒకతను మాతో మాట్లాడింది రాత్రి పదకొండున్నరకు, పందిట్లో అరటిదొప్పలు ఏరుతున్న చోట. నెలన్నరలో సంపాదించింది ఏడాదికి సర్దుకోవాలని, జనవరి అయ్యాక గొంతు చూపించుకోవడానికే కొంత పోతుందని చెప్పాడు. చర్చిల్లో వాయించే పిల్లలకు క్రిస్మస్ అయ్యేదాకా తీరిక లేదు. వాళ్లను జనవరి మొదటి వారంలో పట్టుకున్నాం. ఈ ఊళ్లో డ్రమ్స్, బేస్ గిటారు వచ్చిన కుర్రాళ్లలో చాలామంది చర్చిలోనే నేర్చుకున్నవాళ్లు. ఈ సంగతి నాకు కొత్త. మాతో తిరిగే అమ్మాయి మాత్రం, "మీరు ఎప్పుడూ అడగలేదు కదా మేడమ్" అంది.

ఈ కుర్రాళ్లు ముక్తకంఠంతో అడిగింది ప్రాక్టీసు చేసుకునే చోటు. అపార్ట్‌మెంట్లో పక్కింటివాళ్లు ఒప్పుకోరు. నవాబుపేట వైపు ఒక మూతపడ్డ రైస్‌మిల్లు గోడౌనులో నలుగురు కలిసి అద్దె కట్టుకుని వాయిస్తున్నారు. పోయి చూశాం. గోడలకు పాత గోనెసంచులు మేకులు కొట్టి వేలాడదీశారు, శబ్దం బయటికి పోకుండా. తవుడు వాసన ఇంకా పోలేదు, ఎలుకలు కేబుళ్లు కొరుకుతున్నాయి. ఆ గోనెసంచుల మధ్య వాళ్లు వాయించింది విని నేను చాలా సంతోషపడ్డాను. ఇంత శ్రద్ధ ఉన్న పిల్లలకు టౌన్లో సాయంత్రం రెండు గంటలు ఒక గది ఇవ్వలేమా? ఖాళీగా ఉన్న గదులు ఎన్ని లేవు?

రిపేర్ల విషయం వయొలిన్ పట్టుకునేదాన్ని కాబట్టి నాకు ముందే తెలుసు. ఇక్కడ తీగలు దొరుకుతాయి. తీగ బిగించే బిరడా అరిగినా, మృదంగానికి మూతలు మార్పించాలన్నా, నాదస్వరం కొత్తది కావాలన్నా తమిళనాడు పోవాల్సిందే. నాదస్వరాలకు కుంభకోణం దగ్గర నరసింగంపేట. మిగతావాటికి ఎక్కువమంది మద్రాసే పోతారు. 175 కిలోమీటర్లు, మృదంగం ఒళ్లో పెట్టుకుని రైల్లో పొద్దున్నే పోయి, ఇచ్చేసి వచ్చి, వారం తర్వాత మళ్లీ తెచ్చుకోవడం. రిపేరు ఖర్చు కంటే పోగొట్టుకున్న కూలీ ఎక్కువని లెక్క చెప్పారు.

ఆర్కెస్ట్రాలో పాడే ఆడవాళ్లతో నేను, అమ్మాయి మాత్రమే మాట్లాడాం. మాస్టారు బయట కూర్చున్నారు, అది ఆయన సొంతంగా చేసిన ఆలోచన. వాళ్లు ఆఖరి ప్రశ్నకు రాసింది రెండే రకాలు. స్టేజీ దగ్గర బాత్రూము. పాడిన రాత్రే డబ్బు. ఊరి జాతరకు పోతే తొమ్మిది గంటలపాటు నీళ్లు తాగకుండా పాడతామని ఒకామె చెప్పింది. తాగితే ఎక్కడికి పోవాలి? గొంతు మీద బతికే మనిషి నీళ్లు తాగకుండా పాడుతోంది. నాకు ఆ రోజు పాఠాలు చెప్పబుద్ధి కాలేదు.

బ్యాండు మేళాలను డీజే తినేసిందని అందరికీ తెలిసిందే, అందులో కొత్తగా చెప్పేదేమీ లేదు. కాకపోతే ఒక సంగతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తాయి. పెళ్లివాళ్లు తొమ్మిదిన్నరకు ఊరేగింపు మొదలుపెడతారు, పోలీసులు ఆపించడానికి వచ్చినప్పుడు మొదట కనపడేది బ్యాండు వాళ్లే. పర్మిషన్ తీసుకోవాల్సింది పిలిచినవాళ్లని రాసుకున్న ఒప్పందం ఒక పేజీ ఉన్నా చాలంటున్నారు.

జనవరిలో అందర్నీ ఒక చోట కూర్చోబెట్టి, రాసుకున్నది చదివి వినిపించి, తప్పులుంటే దిద్దించుకోవాలనుకున్నాం. తేదీ కుదరడమే పెద్ద టెన్షన్ అయింది. ఆదివారం చర్చి వాళ్లకు పడదు. పైగా 25 ఆదివారం రథసప్తమి, గుడి మేళాలకు పడదు. 26న స్కూళ్లలో, ఆఫీసుల్లో జెండా కార్యక్రమాలు. చివరికి 27 మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఖాయం చేశాం. మాస్టారి స్నేహితుడి ట్యూషన్ సెంటరు మేడ మీద గది ఉచితంగా దొరికింది, కుర్చీలకు, మైకుకు, టీ బిస్కెట్లకు 2,600 అయింది.

వచ్చినవాళ్లు ఎవరికి వాళ్లు విడివిడిగా కూర్చున్నారు. శాస్త్రీయం వాళ్లు ముందు వరస, మేళాల వాళ్లు మధ్యలో, డప్పు వాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. మేము పిలిచినా "ఇక్కడే బాగుందమ్మా" అన్నారు. చదవడం మొదలుపెట్టాను. పళ్ల సంగతి వచ్చినప్పుడు మధ్య వరసల్లో ఒక్కసారిగా మాటలు లేచాయి. కాగితాల సంగతి వచ్చినప్పుడు తలుపు దగ్గర నుంచి ఒక డప్పు అన్న గట్టిగా, "మా నాయన పింఛనుకి కూడా ఇదే అడిగినారు. డప్పు తీసకపోయి ఆడనే కొట్టి చూపించినాడు" అన్నాడు. ముందు వరసలో ఉన్న గాత్రం టీచరుగారు వెనక్కి తిరిగి, ఇచ్చారా అని అడిగారు. ఇచ్చారన్నాడు. ఆమె లేచిపోయి అతన్ని తీసుకొచ్చి పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఏ ఆఫీసులో, ఎవరిని కలవాలి, ఏ కాగితాలు పట్టుకుపోవాలి అన్నీ అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ తలుపు దగ్గర నిలబడలేదు. మేము చదవాల్సింది సగం మిగిలిపోయింది, ఏడున్నర దాకా వాళ్లే మాట్లాడుకున్నారు.

ఫిబ్రవరి 9 సోమవారం, అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకునే రోజు, పద్నాలుగు పేజీల నివేదిక ఇచ్చాం. తొమ్మిదింటికి పోతే పన్నెండున్నరకు మా వంతు వచ్చింది. పద్నాలుగు పేజీలు అక్కడ ఎవరూ చదవరు, ఆ హడావుడిలో చదవడం కుదరదు కూడా. తీసుకున్న అధికారి, అర్జీని సంబంధిత శాఖకు రాయాలంటే ఏ శాఖ అని మమ్మల్నే అడిగారు. పళ్లు వైద్యానికి, గది మున్సిపాలిటీకి, పింఛను ఇంకో చోటికి. అందుకే ఎవరైనా ఇస్తే ఒక్కో అవసరానికి ఒక్కో పేజీ, విడివిడి అర్జీగా రాసి పట్టుకుపోవాలి. మేము పక్కనే జెరాక్సు షాపులో కూర్చుని అప్పటికప్పుడు మూడు అర్జీలు చేతిరాతతో రాసిచ్చాం. రసీదులు ఇచ్చారు. నాలుగు రోజులకు శాఖలకు పంపినట్టు మెసేజీలు వచ్చాయి. ప్రాక్టీసు గది అర్జీ మీద మాత్రం ఒక ఉద్యోగి ఫోన్ చేసి ఎంతమందికి, ఏ వేళల్లో అని వివరాలు అడిగారు. ఇప్పటికి అంతే.

మొత్తం ఖర్చు 9 వేల చిల్లర. పెట్రోలుకు సగం, జెరాక్సులకు, సమావేశానికి మిగతాది. ముగ్గురం పంచుకున్నాం.

ఎవరి పర్మిషనూ అక్కర్లేని పని ఒకటి మొదలైంది. ట్రంకు రోడ్డు వైపు శుభలేఖలు అచ్చువేసే ఇద్దరు ముగ్గురిని కలిసి, ఆర్డరు రాసుకునేటప్పుడు "మేళం పేరు వేయమంటారా?" అని పెళ్లివాళ్లను అడగమన్నాం. ఒకాయన వెంటనే ఒప్పుకున్నాడు, ఒక లైనుకు అదనంగా ఏమీ తీసుకోనన్నాడు. ఫాల్గుణం ముహూర్తాలకు ఆయన వేసిన కార్డుల్లో కొన్నింటి మీద మంగళవాయిద్యం అని పేరు, ఊరు వచ్చాయి. ఆ కార్డులు రెండేసి దాచుకోమని మేళాల వాళ్లకు చెప్పాం. ఇల్లిల్లూ తిరిగి పాత పెళ్లి ఆల్బమ్‌లలో వీళ్లు కనపడే ఫోటోలు వెతికి ఫోన్లో తీసుకునే పని అమ్మాయి చూస్తోంది.

పెద్దాయన పళ్ల కోసం ఒక దంతవైద్యుడితో మాట్లాడాం. చూస్తాను రమ్మన్నారు, మార్చిలో తీసుకుపోతున్నాం.

కావలి, గూడూరు వాళ్లు తమ దగ్గరికీ రమ్మంటున్నారు. ఇప్పుడు ముహూర్తాలు మొదలయ్యాయి, ఎవరూ ఇంటి పట్టున ఉండరు. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, పెళ్లిళ్లు ఉండవు. కావలికి అప్పుడు పోతాం. అక్కడ వాయిద్యం మీద బతికేవాళ్లు మీకు తెలిసినవాళ్లుంటే ముందుగా ఒక మాట చెప్పి ఉంచండి. మంగళవారమే వస్తాం.